నాలుగో తరం గడి

పిన్ని నాకు టీ ఇవ్వలేదు. బాబాయి పోయిన నెల్లాళ్ళకు పలకరించి వద్దామని అమలాపురం వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్సు దిగి, తల పగిలిపోతుంటే వాళ్ళ గుమ్మం ఎక్కాను. ఇంకే ఇంటికి వెళ్ళినా కూర్చునే లోపే టీ గ్లాసు చేతికి వస్తుంది. పిన్ని మాత్రం పెద్ద గ్లాసుతో నిమ్మకాయ నీళ్ళు తెచ్చి, "నీకు టీ పడాలని తెలుసమ్మా. మరి మా ఇంట్లో పొడి ఉండదు కదా, ఏమీ అనుకోకు" అంది. అనుకోవడానికి ఏముంది? ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా టీపొడి లేదు. నేను రోజుకు మూడుసార్లు తాగుతానని బాబాయికీ తెలుసు, ఏనాడూ ఒక్క మాట అనలేదు. నీళ్ళు తాగాక పిన్ని బీరువాలోంచి అట్ట ఫైలు ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇది తన తర్వాత నీకివ్వమన్నారు. నువ్వొచ్చినప్పుడల్లా పైకి తీసేవారు, మళ్ళీ లోపల పెట్టేసేవారు. ఎందుకండీ అంటే చెప్పేవారు కాదు." లోపల ఒకటే కాగితం, మడతల దగ్గర చిరిగి గోధుమరంగు తిరిగింది. దాని మీద గళ్ళు, గళ్ళలో పేర్లు, పేర్లన్నీ నా పన్నెండేళ్ళ నాటి చేతివ్రాతలో. చివరి గడి చూడగానే మళ్ళీ మడిచి సంచీలో పెట్టేసుకున్నాను. పిన్ని ఎదురుగా దాన్ని చూసే ధైర్యం లేకపోయింది.

మా ఊరు ఉప్పలగుప్తం దారిలో, కాలువ గట్టు మీద. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. అమ్మ పాస్టరుగారి కూతురు, కాబట్టి మా ఇంట్లో వాక్యానికి, ప్రార్థనకి కొదవ ఉండేది కాదు. నాన్న తమ్ముడైన మా బాబాయి హైదరాబాదులో టెలిఫోన్ ఆఫీసులో పనిచేస్తూ అక్కడే మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో చేరాడు. ఆ మాటే మేమెవరం అంతకు ముందు విని ఎరగం. బదిలీ మీద అమలాపురం వచ్చి, మా ఇంట్లో పెట్టె దించిన రోజున, అమ్మ ఇచ్చిన టీ గ్లాసు పక్కన పెట్టి "మానేశాను వదినగారూ" అన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది అమ్మ. తర్వాత, టీ బాగాలేదేమో అనుకుంది. ఆ సంఘంలో టీ తాగకూడదన్న అసలు సంగతి తెలిశాక ఆ రెంటిలో ఏదో ఒకటైనా బాగుండేది అనుకుందట. మా ఇంట్లో టీ అంటే అలాంటిది. సాయంత్రం నాలుగింటికి నాన్న స్కూలు నుంచి సైకిలు మీద వచ్చేసరికి అల్లం దంచిన చప్పుడు వీధి గుమ్మం దాకా వినిపించాలి. వినిపించకపోతే నాన్న సైకిలు దిగకుండానే "ఏం, ఎవరైనా పోయారా?" అని అడిగేవాడు.

అలాంటి నాన్న ఆరు నెలల్లో మారిపోయాడు. బాబాయి తెచ్చిన పుస్తకాలు తీసుకుని, స్కూలు పిల్లల కాపీలు దిద్దినట్టు పెన్సిలుతో పక్కన ప్రశ్నార్థకాలు పెడుతూ చదివాడు. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని గంటలు గంటలు వాదించుకున్నారు. చివరికి ఒకరోజు నాన్న పెన్సిలు చెవి మీద పెట్టుకుని "సరేరా" అన్నాడు. అమ్మ మాత్రం "మీరు ఏ సంఘానికి వెళ్ళినా నాకేం అభ్యంతరం లేదు. నా గుడికి నేను వెళతాను, నా టీ నేను తాగుతాను" అని తేల్చేసింది. ఆ రోజు నుంచి టీలో అల్లంతో పాటు ఏలకులు కూడా పడటం మొదలైంది. వాసన వస్తున్నంతసేపూ నాన్న పెరట్లో కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటూ తిరిగేవాడు. ఉన్నవి ఏడు.

నాకూ బాప్తిస్మం తీసుకోవాలనిపించింది. భక్తి కొంత, బాబాయి మీద ఇష్టం ఎక్కువ. అమ్మ నాన్న వంక చూసింది. "కాలవలో ముంచితే జలుబు చేస్తుంది గాని పాపం రాదే" అన్నాడు నాన్న. ముందురోజు బాబాయి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. "పాపా, ఇది నిబంధన. అంటే రెండు వైపులా మాట. నువ్వొక మాటిస్తావు, దేవుడొక మాటిస్తాడు. ఆయన తప్పడు. నువ్వు తప్పకూడదు. అబద్ధమాడకూడదు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. తెలిసిందా?" తెలిసిందన్నాను. మర్నాడు పొద్దున్నే, బాబాయి పంచె చింపి కుట్టిన తెల్లగౌనులో కాలవలో దిగాను. బాబాయి చెయ్యెత్తి ప్రార్థన చెప్పి నన్ను ముంచి లేపాడు. గట్టు మీదున్న నాన్న "జడ తేలిందిరా" అని అరిచాడు. మనిషి మొత్తం మునగాలి, వెంట్రుక కూడా పైన ఉండకూడదు, అది వాళ్ళ పద్ధతి. అందుకని మళ్ళీ ముంచాడు. ఊళ్ళో నాకు చాలాకాలం 'రెండు మునకల పిల్ల' అని పేరుండేది.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. కోనసీమలో మనుషులు ఎంత మర్యాదగా అడుగుతారో అంత వదలకుండా అడుగుతారు. "ఏవండీ మాస్టారూ, మీది బైబిలు కాదటండీ?" "బైబిలేనండి, దాంతోపాటు ఇంకో పుస్తకం కూడానండి." "సిలువ పెట్టుకోరటండీ?" "మనసులో పెట్టుకుంటామండి." "పాస్టరుగారికి జీతం ఉండదటండీ?" "అసలు పాస్టరుగారే ఉండరండి, అందరం తలో పనీ చేసుకుంటామండి." పక్కింటి సత్యవతిగారైతే ఒకరోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మనే అడిగేసింది, "మీ మాస్టారు ఇంకో పెళ్ళి చేసుకోవచ్చటగా వదినా, ఆ మతంలో?" అని. లోపలి నుంచి నాన్న "అది ఎప్పుడో పాతకాలంలో మానేశారండీ! మానకపోయినా నాకంత ఓపిక లేదండీ!" అని కేకేశాడు. అందరికంటే ఎక్కువ బాధపడింది మాత్రం వంతెన దగ్గర టీకొట్టు సుబ్బారావు. నాన్నను ఆపి, నిజంగా నొచ్చుకుంటూ, "మాస్టారూ, ఇరవై ఏళ్ళు తాగేరు గదండీ. నా టీలో పాపం ఏముందండీ?" అన్నాడు. నాన్న సైకిలు స్టాండు వేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పాపం ఏమీ లేదు సుబ్బారావ్. మాటిచ్చేను, అంతే." సుబ్బారావు "ఆయ్, మాటైతే సరేనండి" అన్నాడు. అంత పెద్ద విషయం అతనికి అంత తేలిగ్గా అర్థమైందే అని నాన్న చాలాసార్లు చెప్పుకునేవాడు.

ఆదివారం ఆరాధన మా వరండాలో జరిగేది. కొత్తపేట నుంచి వచ్చే ఒక కుటుంబంతో కలిపి ఎనిమిది మందిమి. వంతులవారీగా అందరం ప్రసంగం చెయ్యాలి, నాతో సహా. మొదటిసారి నేను నిలబడి 'ప్రియ సహోదర సహోదరీలారా' అని ఆగిపోయాను. అక్కడి నుంచి ఒక్క ముక్క రాలేదు. "బాగుంది, ఆమేన్" అన్నాడు బాబాయి. ఆరాధనలో అందరం పంచుకునే ప్రభువు బల్లకి ద్రాక్షరసం బదులు నీళ్ళు. రొట్టేమో అమలాపురం బేకరీ నుంచి శనివారం బస్సులో వచ్చేది. ఒక వానాకాలం బస్సు రాలేదు. బాబాయి దిగులుగా కూర్చుంటే, సంఘంలో చేరని మా అమ్మ వంటింట్లోంచి దిబ్బరొట్టె పట్టుకొచ్చి "ఇది రొట్టె కాదా మరిదిగారూ?" అంది. బాబాయి నవ్వి, దాన్ని విరిచి ప్రార్థన చేశాడు. మినప్పిండి, నూకలు, అడుగున ఎర్రగా మాడిన పెళుసు. అంత రుచిగా ఆ తర్వాత ఏ బల్లా నాకు దొరకలేదు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. సాయంత్రం ఉపవాసం విడిచేవేళకి అమ్మ ఉలవచారు కాచి పెట్టేది. ఆమెకి మా మతం మీద కోపమే గాని మా ఆకలి మీద లేదు.

ఈ గందరగోళం అంతటినీ వరండా చివర స్తంభానికి ఆనుకుని, చుట్ట కాలుస్తూ చూసేది మా నాయనమ్మ మరియమ్మ. డెబ్భై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, నల్లగా, చేతుల నిండా పచ్చబొట్లతో ఉండేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది, కాలుస్తూనే మాట్లాడేది, కాలుస్తూనే నన్ను తిట్టేది. ఆవిడ దగ్గరికి వెళితే పొగాకు, కొబ్బరినూనె, ఎండలో ఆరిన చీర వాసన కలిసి వచ్చేవి. మోర్మన్లకి పొగాకు కూడా పనికిరాదు. అందుకని కొడుకులిద్దరూ ఆవిడ జోలికి పోలేదు. కాని బాబాయి ఒక ఆదివారం చెప్పిన మాట ఆవిడ చెవిన పడింది. బాప్తిస్మం లేకుండా పోయినవాళ్ళ పేర్లు రాసి పంపితే, ఎక్కడో సముద్రాలవతల ఉన్న దేవాలయంలో వాళ్ళ బదులు ఒకరు నీళ్ళలో దిగుతారని, ఇష్టమైతే పోయినవాళ్ళు ఆ బాప్తిస్మాన్ని స్వీకరించవచ్చని. నాయనమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. ఆవిడ చుట్ట తీసి మాట్లాడడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఏటిరా అబ్బాయ్, మా అమ్మకి కూడానా?"

"ఆయ్, మామ్మకి కూడానే."

"ఒప్పుకోకపోతే?"

"అది ఆవిడ ఇష్టమే."

"ఒప్పుకుంటది. నేనడిగేనని చెప్పమను."

వాళ్ళమ్మ కలరా వచ్చి పోయేనాటికి నాయనమ్మకి నాలుగైదేళ్ళు. అప్పటికి వాళ్ళింట్లో ఎవరూ క్రైస్తవులు కారు. తర్వాతి ఏడు వాళ్ళ నాన్న పిల్లలతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. అమ్మ ఒక్కతే ఆ గీతకి అవతల ఉండిపోయింది. పరలోకంలో అమ్మ కనిపిస్తుందా అని నాయనమ్మ జీవితంలో ఎంతమంది పాస్టర్లను అడిగిందో లెక్కలేదు. అందరూ మంచివాళ్ళే, "దేవుని చిత్తమమ్మా" అని మాట మార్చేవారు. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు, అమ్మ అక్కడుంటే చాలు.

బాబాయి గళ్ళున్న కాగితం తెచ్చాడు. నాలుగు తరాల పేర్లు రాయాలి. చేతివ్రాత బాగుంటుందని నన్ను రాయమన్నాడు. మొదటి గడిలో నేను, రెండో తరం నాన్న, మూడో తరం నాయనమ్మ. నాలుగో తరం గడి దగ్గర కలం పెట్టి, "మీ అమ్మ పేరేంటి నాయనమ్మా?" అన్నాను.

నాయనమ్మకి పేరు తెలియదు. ఆమెకి అది అమ్మ, అంతే. మొగుడు పెళ్ళాం పేరెత్తి పిలవని కాలం, వాళ్ళ నాన్న "ఒసే", "ఇదిగో" అని పిలిచేవాడు. పొలంలో అందరూ ఫలానావాడి పెళ్ళామనేవారు. సవతితల్లి వచ్చాక ఆ "ఇదిగో" కూడా లేకుండా పోయింది. నాయనమ్మ ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఆ గడిలో మా అమ్మ పేరు రాసిన్నాడు చుట్ట మానేత్తాను. మీ కాలవలో దిగుతాను. రాయకపోతే దిగను" అంది. అరవై ఏళ్ళ చుట్ట! నాన్న నమ్మలేదు. బాబాయి మాత్రం ఊరూరా తిరిగి వాకబు చేశాడు. ఎవరికీ గుర్తులేదు. మిగిలింది ఒక్కతే, నగరం అనే పల్లెలో ఉన్న నాయనమ్మ పెదనాన్న కూతురు. నాయనమ్మకంటే పదేళ్ళు పెద్దది, వరసకి అక్క.

అదే సమయంలో అమ్మ తరఫు వాళ్ళ పెళ్ళి ఒకటి నగరంలో పడింది. నన్ను వెంట తీసుకెళ్ళింది అమ్మ. అప్పటికి నగరంలో గ్యాసు పైపుల హడావిడి ఇంకా లేదు, కొబ్బరితోటల మధ్య చల్లగా ఉండే ఊరు. బస్సు దిగి, పంటు అనే పెద్ద బల్లకట్టు మీద గోదావరి పాయ దాటి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళాలి. బయలుదేరేటప్పుడు నాయనమ్మ నా జడ బిగించి అల్లుతూ "మా అక్కని అడుగు. గట్టిగా అడుగు, చెవుడు" అని పదిసార్లు చెప్పింది. అమ్మ పెళ్ళిపందిట్లో ఉండగా వెళ్ళి అడిగాను. ముసలావిడ నులకమంచం మీద పడుకుని ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు అరిచాను. నా చెయ్యి పట్టుకుని, నిమిరి, "అన్నం తిన్నావా అమ్మా?" అంది. మూడుసార్లూ అదే. నాకు ఏడుపొచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో పంటు మీద నిలబడి నీళ్ళవంక చూస్తూ, మా ఊరి రోడ్డు మీద ఎదురుచూస్తూ ఉండే నాయనమ్మనే తలచుకున్నాను. పంటు అవతలి ఒడ్డుకు చేరేలోగా నేనొక పేరు తయారు చేసుకున్నాను. నాకు తెలిసిన పేర్లన్నిటిలో ఖరీదైనది ఎంచుకున్నాను. నాయనమ్మ నిజంగానే రోడ్డు మీద ఉంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి, "బంగారమ్మట నాయనమ్మా!" అని అరిచాను. ఆవిడ కదల్లేదు. "బంగారమ్మ" అంది. ఇంకోసారి అంది. తర్వాత అక్కడే, అందరి ముందూ, రోడ్డు మీద చతికిలబడి ఏడ్చింది. ఆ సాయంత్రమే నేను నాలుగో తరం గడిలో గుండ్రంగా రాశాను. నాయనమ్మ చుట్టల డబ్బా తీసుకెళ్ళి కాలవలో పారబోసింది.

నాన్న ఆశ్చర్యం, బాబాయి సంబరం అంతా ఇంతా కాదు. నేను మాత్రం రెండు మునకలు మునిగి ఇచ్చిన మాట నాలుగు నెలలు కూడా నిలబెట్టుకోలేదు. మూడు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. నాయనమ్మ చుట్ట లేక చింతగింజలు నములుతూ, "బంగారమ్మ కూతుర్రా నేను, మాటంటే మాటే" అంటుంటే చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఆ మొహం చూసి మింగేసేదాన్ని. నెల తిరిగాక పిడుగు పడింది. "మా అక్కకి నాలుగు మామిడిపళ్ళిచ్చి, చల్లగా ఉండమని చెప్పి వత్తాను" అని నాయనమ్మ సొంతంగా బస్సెక్కి నగరం బయలుదేరింది. ఆ రోజంతా నేను రోడ్డు మీదే ఉన్నాను. సాయంత్రం బస్సు దిగింది. నా మొహంలోకి ఒకసారి చూసి, కొంగుముడి విప్పి తాటితాండ్ర ముక్క నా చేతిలో పెట్టింది. "బాగానే ఉందే మా అక్క. అన్నం తిన్నావా అని అడిగింది" అంది. అంతే. ముసలావిడకి ఏమీ వినపడి ఉండదు, బతికిపోయాననుకున్నాను. మరుసటి వారమే నాయనమ్మ తెల్లచీర కట్టుకుని కాలవలో దిగింది. ఒక్క మునకకే సరిపోయింది, జుట్టు ఎక్కువ లేదు కదా. గట్టు మీద అందరూ పాడుతుంటే నేను మాత్రం తలెత్తలేకపోయాను.

ఆ తర్వాత ఆవిడ ఆరేళ్ళు బతికింది. చుట్ట ముట్టలేదు. పోయేముందు "బంగారమ్మా, వత్తన్నానే" అందని నాన్న చెప్పాడు. నేనప్పటికి కాకినాడలో చదువుకుంటున్నాను. పెళ్ళయ్యాక నా ఆదివారాలు వేరే గుడికి మారాయి, టీ మళ్ళీ వచ్చింది. నిజం చెప్పాలంటే మతం మీద నమ్మకం పోయి కాదు, నా మాట మీద నాకే నమ్మకం పోయి దూరమయ్యాను. ఇప్పుడు ఫోను తీస్తే మా పిల్లలు ముత్తాతల పేర్లు చెట్టు బొమ్మలా వేసుకుని చూపిస్తారు, తెలియనిచోట ఖాళీ వదిలి హాయిగా ముందుకు వెళ్ళిపోతారు. ఆ ఖాళీ చూసి ఏడ్చే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు. మేమప్పుడు ఒక్క గడి కోసం పంటు మీద గోదావరి పాయ దాటాం.

అమలాపురం బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికింది. కాగితం తీశాను. 'బంగారమ్మ', గుండ్రంగా, ఒత్తి రాసిన అక్షరాలు. మడిచేద్దామని తిప్పితే వెనక బాబాయి చేతివ్రాత.

'అమ్మ నగరం వెళ్ళి వచ్చింది. పెద్దమ్మ ఏ పేరూ చెప్పలేదట. ఒక పిల్ల వచ్చి మూడుసార్లు ఏదో అడిగి, ఏడ్చి వెళ్ళిందని చెప్పిందట. కాబట్టి ఈ కాగితం పంపడం లేదు. మరియమ్మ తల్లి, పేరు తెలియదు అని వేరే రాసి పంపుతున్నాను. పాపతో మాట్లాడతానంటే అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నాను: "దాని అసలు పేరు పైవోడికి తెలుసు, ఆయనకి నువ్వు చెప్పక్కర్లేదు. నాకు పిలుచుకోడానికి ఓ పేరు కావాలి. కట్టుకున్నోడు పిలవలేదు, ఊరు గుర్తెట్టుకోలేదు. ఇన్నేళ్ళకి ఒక్క పిల్ల మా అమ్మకి పేరెట్టింది, అదీ బంగారమ్మని. ఉండనియ్యరా. చుట్ట మళ్ళీ ముట్టనులే, కాలవలోకీ దిగుతాను. నువ్వు మాత్రం ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పనని మాటియ్యి. సిగ్గుపడుద్ది." మాటిచ్చాను.'

మాటిచ్చాడు. అందుకే నేను వెళ్ళినప్పుడల్లా ఫైలు పైకి తీసి, మళ్ళీ లోపల పెట్టేసేవాడు. తను ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. నాకు బాబాయి మీద పట్టరాని కోపం వచ్చింది, అంతకంటే పట్టరాని ప్రేమ వచ్చింది. కిటికీలోకి వంగి టీ గ్లాసు అందిస్తున్న కుర్రాడికి వద్దని చెయ్యి ఊపాను. కళ్ళు తుడుచుకుంటూ, నాకు తెలియకుండానే పైకి అనేశాను. "బంగారమ్మా."

పక్క సీటులో కొబ్బరికాయల సంచీ పెట్టుకుని కూర్చున్న ఆవిడ నావైపు తిరిగింది. "ఎవరండీ ఆవిడ?"

"మా నాయనమ్మ వాళ్ళమ్మగారండి" అన్నాను.

"ఆయ్. మంచి పేరండి" అంది ఆవిడ.